నాలుగు చిన్న సంస్థలు కలిసి ఐదేళ్ల గ్రాంట్ తెచ్చుకోవడం ఎలా: బెజవాడ, గుంటూరు సంఘాల కోసం

ప్రాజెక్టు మార్చి 31కి అయిపోతోంది, ఏప్రిల్ నుంచి కార్యకర్తలకు జీతాలు ఎక్కడి నుంచి తేవాలి? బెజవాడలోనో గుంటూరులోనో బస్తీల్లో పనిచేసే చిన్న సంస్థ ఏదైనా తీసుకోండి, జనవరి వచ్చిందంటే ఆఫీసులో ఇదే టెన్షన్. ఏ ఇంట్లో ఎవరికి పింఛను వస్తోందో, ఎవరికి ఆగిపోయిందో నోటికి చెప్పగలిగే కార్యకర్త, గ్రాంట్ పొడిగించలేదన్న ఒక్క కారణంతో బట్టల షాపులో సేల్స్‌కి వెళ్లిపోతుంది. ఆమెతో పాటు ఏళ్ల తరబడి కూడబెట్టిన పరిచయమూ నమ్మకమూ పోతాయి. తర్వాత ఎంత పెద్ద ప్రాజెక్టు వచ్చినా వాటిని కొనిపెట్టలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగినప్పుడు ఇది అందరికీ కళ్ల ముందే కనిపించింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన ఆ రోజుల్లో సాయం చేసే చేతులకు కొదవ లేదు. ఏ సందులో మంచం మీదున్న ముసలావిడ ఉంది, ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉంది అన్నది తెలిసినవాళ్లు మాత్రం అక్కడి సంఘాల వాళ్లే. అలాంటి సంఘాలు ఏడాదికోసారి ఊపిరి బిగబట్టుకుని బతకాల్సిన పని లేకుండా, మూడు నుంచి ఐదేళ్లు నిలకడగా డబ్బు వచ్చే దారి ఒకటుంది. చాలామంది దాతలు ఒకచోట చేరి నిధి పెట్టడం, లేదా కొన్ని సంస్థలు కలిసి ఒకే ప్రపోజల్‌తో వెళ్లడం, లేదా రెండూ. ఆ డబ్బులో కొంత పనికి, కొంత సంస్థ తన కాళ్ల మీద నిలబడడానికి.

మన దేశంలో 2021లో మొదలైన గ్రో ఫండ్ ఇలాంటిదే: ఎడెల్‌గివ్ ఫౌండేషన్ నడిపించగా పలువురు దాతలు కలిసి 100 క్షేత్రస్థాయి సంస్థలకు రెండేళ్ల పాటు సంస్థాగత బలం కోసం 100 కోట్ల నిధి అనుకున్నారు. బయటి దేశాల్లో చూస్తే ఫోర్డ్ ఫౌండేషన్ 2016లో బిల్డ్ పేరుతో 100 కోట్ల డాలర్లు కేటాయించి ఐదేళ్ల గ్రాంట్లు ఇచ్చింది. అంటే ఇచ్చేవాళ్లు ఉన్నారు. మన వైపు తయారీయే తక్కువ.

పొదుపు సంఘాలు నడిపినవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పదిమంది కలిస్తే సంఘం, సంఘాలు కలిస్తే సమాఖ్య, అప్పుడే బ్యాంకు మేనేజర్ కుర్చీ చూపిస్తాడు. కాకపోతే ఒకటి గట్టిగా చెబుతాను: దాతను వెతకడం చివరి పని. మీలో మీకు డబ్బు లెక్క తేలడం మొదటి పని. ఈ వరస తిరగబడితే గ్రాంట్ వచ్చాక సంస్థల మధ్య మాటలు ఆగిపోతాయి, మొదట నష్టపోయేది బస్తీలో మనుషులే.

మొదట: ఎవరితో కలవాలి

మూడు నుంచి ఐదు సంస్థలు చాలు. అంతకు మించితే మీటింగులకే సరిపోతుంది. పేరున్న సంస్థ అనో, ఫలానా ఫౌండేషన్‌లో పరిచయం ఉందనో కలవొద్దు. మీరు పనిచేసే మనుషుల బతుకులు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. సింగ్‌నగర్‌లో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తొడిమలు తీసే కూలీలు, మంగళగిరి మగ్గాల మీద బతికే కుటుంబాలు: పైకి వేర్వేరు, కానీ ముగ్గురికీ ఈఎస్ఐ లేదు, జ్వరం వస్తే కూలి పోతుంది, పిల్లల చదువుకు అప్పే దిక్కు. ఈ మూడు చోట్ల పనిచేసే సంఘాలు కలవడానికి గట్టి కారణం ఉన్నట్టే.

డబ్బు ప్రస్తావన రాకముందే చిన్న పని ఒకటి కలిసి చేసి చూడండి. ఉదాహరణకు, వరదొస్తే ముందుగా ఖాళీ చేయించాల్సిన ఇళ్ల జాబితా సందు వారీగా రాయడం. పైసా ఖర్చు లేదు, రెండు మూడు వారాల పని. ఎవరు చెప్పిన టైముకి వస్తారు, ఎవరు రాసిన జాబితా నమ్మొచ్చు, ఎవరు ఫొటోలకే ముందుంటారు అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఈ దశలో ఎవరితోనైనా పొసగకపోతే మర్యాదగా విడిపోవడం ఎవరికీ కష్టం కాదు.

పెత్తనం ఎవరిదో సూటిగా అడగండి

సంఘం ప్రజలదే అని ప్రపోజల్‌లో అందరూ రాస్తారు. నేను మూడు విషయాలు అడుగుతాను: కార్యవర్గంలో సగం మందైనా ఆ బస్తీల్లో ఉంటున్నవాళ్లేనా? చెక్కు మీద సంతకం పెట్టే ఇద్దరిలో ఒకరైనా వాళ్లలోంచి వచ్చినవారా? గత ఏడాది బడ్జెట్‌ని వాళ్లు ఎక్కడైనా మార్చారా? మూడోదే అసలైన పరీక్ష, ఎందుకంటే మనుషుల్ని కమిటీలో కూర్చోబెట్టడం తేలిక, వాళ్లు కొట్టేసిన ఖర్చుని నిజంగా కొట్టేయడం కష్టం.

మీటింగ్ వాళ్లకు కుదిరే వేళకి పెట్టండి. ఇళ్లల్లో పనిచేసే అక్కలకు మధ్యాహ్నం కాస్త తీరిక దొరుకుతుంది, మిర్చి కూలీలను ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్‌లో పగలు పిలిస్తే ఆ రోజు కూలి పోగొట్టుకుని రమ్మన్నట్టే. బడ్జెట్‌ని చార్టు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి గోడకు అతికించి, ఒక్కో లైను చదివి, ఇది అవసరమా అని అడగండి. "శిక్షణకి హోటల్ హాలు ఎందుకమ్మా, కమ్యూనిటీ హాలు ఉందిగా, ఆ డబ్బుతో పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టండి, మేం నిమ్మళంగా కూర్చుంటాం" లాంటి మాట వస్తే, అక్కడికక్కడే స్కెచ్ పెన్నుతో మార్చి, మినిట్స్ బుక్‌లో తీర్మానంగా ఎక్కించండి. రేపు దాత వచ్చి మీ ప్రజల పాత్ర ఏమిటని అడిగితే ఆ పేజీ తెరిచి చూపించొచ్చు.

కాగితాలు

దీని మీద ఎక్కువ చెప్పను, మీ ఆడిటర్ చెబుతారు. సొసైటీ అయితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సర్టిఫికెట్, బైలాస్, ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత కార్యవర్గ జాబితా రిజిస్ట్రార్‌కు పంపిన రసీదులు. సంస్థ పాన్, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదైన ఐడీ, 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదులు, గడిచిన మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, రిటర్నులు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2025, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి. అందుకే ఆడిటర్‌ని నంబరుతో కాకుండా పనిపేరుతో అడగండి: పన్ను మినహాయింపు నమోదు ఎప్పటిదాకా ఉంది, దాతకు మినహాయింపు ఇచ్చే నమోదు ఎప్పటిదాకా ఉంది, రెన్యువల్ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి. ఐదేళ్ల గ్రాంట్ మధ్యలో నమోదు గడువు తీరిపోతే వాయిదా ఆగిపోతుంది. నాలుగు సంస్థల తేదీలూ ఒకే కాగితం మీద రాసి అందరి ఆఫీసుల్లోనూ గోడకు పెట్టండి.

ఏ డబ్బుకి ఏ షరతు: ఇక్కడ తొందరపడొద్దు

కలిసి పనిచేద్దాం అనుకున్న చాలా ఆలోచనలు ఇక్కడే చట్టానికి తగిలి ఆగిపోతాయి, కాబట్టి నిదానంగా చదవండి.

విదేశీ నిధులైతే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు కావాలి. నమోదుకు సంస్థ కనీసం మూడేళ్లుగా ఉండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణతో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. ఒకటి, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ ఉన్నా సరే. అంటే లీడ్ సంస్థ (అందరి తరఫున దాతతో వ్యవహరించే సంస్థ) డబ్బు తీసుకుని మిగతా ముగ్గురికి పంచడం కుదరదు, దాత ప్రతి సంస్థకూ విడివిడిగా పంపాలి. రెండు, పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. డబ్బు మొదట చేరాల్సింది ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే. మీ నలుగురిలో ఎఫ్‌సీఆర్ఏ ఒక్కరికే ఉంటే, మిగతావాళ్ల వాటాని దేశీయ నిధుల నుంచి అడగండి. అడ్డదారులు, ఉదాహరణకు కన్సల్టెన్సీ బిల్లుల పేరుతో పంచడం, వద్దే వద్దు. రిజిస్ట్రేషన్ పోతే మొత్తం సంస్థే పోతుంది.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకు 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ఆధారం: చట్టం చెప్పిన పరిమాణం దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. అమలు చేసే సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు (సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండాలి, బయటి సంస్థలైతే మూడేళ్ల అనుభవమూ చూపాలి. చాలామంది కంపెనీ వాళ్లు "మేం ఏడాదికే ఇవ్వగలం" అంటారు. నిజానికి చట్టంలోనే కొనసాగే ప్రాజెక్టు అనే వెసులుబాటు ఉంది: మొదలైన ఆర్థిక సంవత్సరం కాకుండా మరో మూడేళ్లు నడపొచ్చు, ఆ ఏడాది మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30 లోపు ప్రత్యేక ఖాతాలో వేసుకుంటే చాలు. ఈ ఒక్క సంగతి తెలిసి అడిగితే మాట తీరే మారిపోతుంది. ఇంకో అపోహ, 5 శాతం పరిపాలనా ఖర్చు. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకి, మీ సంస్థ అద్దెకీ అకౌంటెంట్ జీతానికీ కాదు. మర్యాదగానే, కానీ స్పష్టంగా చెప్పండి. సీఎస్ఆర్ డబ్బుని కార్పస్‌గా, అంటే సంస్థ దగ్గర నిలవ ఉంచుకునే మూలనిధిగా మాత్రం తీసుకోలేరు. నలుగురికీ సీఎస్ఆర్-1 ఉంటే కంపెనీ ఒక్కొక్కరితో విడిగా ఒప్పందం చేసుకోవడం శుభ్రమైన పద్ధతి.

ఇక దేశీయ ఫౌండేషన్లు, వ్యక్తుల విరాళాలు. సంస్థాగత బలం కోసం డబ్బు దొరికే అవకాశం ఎక్కువున్నది ఇక్కడే, కార్పస్ అడగగలిగేదీ ఇక్కడే. కార్పస్ అయితే ఆ మాట దాత రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇక్కడా ఒక మెలిక: ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకి ఇచ్చిన విరాళంలో 85 శాతమే ఖర్చు కింద లెక్కకొస్తుంది. లీడ్ సంస్థ ద్వారా డబ్బు పంచుకోవాలనుకుంటే ముందే ఆడిటర్లను కూర్చోబెట్టి మాట్లాడండి.

అసలు ఖర్చు లెక్క

మనవాళ్లు బడ్జెట్‌లో కార్యకర్తల జీతం, ట్రైనింగ్ భోజనాలు రాస్తారు. కరెంటు బిల్లు, ఆడిట్ ఫీజు రాయడానికి మొహమాటం. తక్కువ రాస్తే గ్రాంట్ వస్తుందన్న ఆశ. ఆ తగ్గించిన డబ్బు చివరికి ఎవరో ఒకరి జీతంలోంచే పోతుంది.

ఊహించిన అంకెలతో ఒక లెక్క చూపిస్తాను, మీ అంకెలు పెట్టుకుని చేయండి. సాయంత్రం ట్యూషన్ కేంద్రాల ప్రాజెక్టు: నలుగురు కార్యకర్తలు, నెలకు 14,000 చొప్పున ఏడాదికి 6,72,000. పుస్తకాలు, ఆటో ఛార్జీలు, మిగతావి 1,48,000. మొత్తం 8,20,000. ఇదే సంస్థకు ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఇంకో ప్రాజెక్టు ఉంది, దానికి నేరుగా అయ్యే ఖర్చు 12,20,000. రెండూ కలిపి 20,40,000.

ఇప్పుడు రెండింటికీ ఉమ్మడిగా అయ్యేవి రాయండి. ఆఫీసు అద్దె నెలకు 8,000, అంటే 96,000. సగం రోజు పనిచేసే అకౌంటెంట్ నెలకు 9,000, ఏడాదికి 1,08,000. ఆడిట్, ఫైలింగులు 30,000. కరెంటు, నెట్, ఫోన్లు నెలకు 2,500 లెక్కన 30,000. సమన్వయకర్త జీతంలో సంస్థ పనులకు పోయే భాగం నెలకు 12,000, ఏడాదికి 1,44,000. కూడితే 4,08,000, అంటే నేరుగా అయ్యే ఖర్చు మీద సరిగ్గా 20 శాతం. కాబట్టి ట్యూషన్ ప్రాజెక్టు మోయాల్సిన ఉమ్మడి వాటా 1,64,000, దాని అసలు ఖర్చు 9,84,000. దాతకు చెప్పాల్సిన అంకె ఇది.

దీని మీద అత్యవసర నిల్వ. సంస్థ ఏడాది ఖర్చు 24,48,000 అయితే నెలకు 2,04,000. మూడు నెలల నిల్వ అంటే 6,12,000. ఒక్కసారే అడిగితే ఎవరూ ఇవ్వరు, ఐదేళ్లలో ఏటా లక్షా పాతికవేలు పక్కన పెట్టుకుంటే చేరిపోతుంది. నాలుగు సంస్థలూ ఇదే పద్ధతిలో లెక్క కట్టి ఒకరి పుస్తకాలు ఒకరికి చూపించుకోండి. చూపించడానికి వెనకాడే సంస్థతో ఐదేళ్లు నడవలేరు.

మీలో మీకు ఒప్పందం

దాత కోసం ఇంగ్లిష్‌లో ఎంవోయూ (ఒప్పంద పత్రం) ఎలాగూ రాస్తారు. దానికి ముందు తెలుగులో, మీ కార్యకర్తలకు అర్థమయ్యేలా ఒకటి రాసుకోండి.

జీతాల సంగతి ముందు తేల్చండి. ఒకే పనికి ఒక సంస్థలో 14,000, పక్క సంస్థలో 19,000 ఉంటే, ఒకే ప్రాజెక్టులో పనిచేస్తూ ఆ ఇద్దరూ టీ దగ్గర ఏం మాట్లాడుకుంటారో ఊహించండి. ఉమ్మడి పనికి ఒకే స్కేలు పెట్టుకోండి, తక్కువ ఇచ్చే సంస్థ ఆ తేడాని గ్రాంట్‌లోంచే అడగాలి. వాటాలు సమానంగా ఉండక్కర్లేదు, పనిని బట్టి ఉండాలి, కానీ అందరిలోకీ చిన్న సంస్థకు ఒక అకౌంటెంటు, ఒక సమన్వయకర్త జీతం వచ్చేంత కనీస మొత్తం తప్పక ఉండాలి. లేకపోతే వాళ్లు పేరుకే భాగస్వాములు.

లీడ్ సంస్థకు రిపోర్టుల పని, దాతతో మాట్లాడే పని అదనం. దానికయ్యే ఖర్చు విడిగా ఒక లైనులో రాయండి, లోపల కలిపేస్తే రేపు అనుమానాలు పుడతాయి. ఉమ్మడి కమిటీ అధ్యక్ష బాధ్యత మాత్రం ఆరు నెలలకో సంస్థకు మారాలి. దాతతో జరిగే ప్రతి మీటింగుకీ లీడ్‌తో పాటు ఇంకో సంస్థ నుంచి ఒకరు వెళ్లాలి, అదీ వంతుల ప్రకారం. పరిచయాలన్నీ ఒకే మనిషి ఫోన్‌లో ఉండిపోతే సంస్థల మధ్య పెద్దా చిన్నా తేడా ఇంకా పెరుగుతుంది.

వాయిదా ఆలస్యమైతే? ఆలస్యమవుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. ముందు క్షేత్ర కార్యకర్తల జీతాలు, తర్వాత అద్దె, ఆఖరున సమన్వయకర్తలవి అని ఇప్పుడే రాసుకుంటే ఆ నెలలో గొడవ ఉండదు. భాగస్వామి సంస్థ మనిషిని చెప్పకుండా తీసుకోకూడదు. ఎవరైనా తప్పుకోవాలంటే మూడు నెలల ముందు చెప్పాలి, కంప్యూటర్లు, కుటుంబాల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయో కూడా రాయాలి. తగాదా వస్తే మాట చెప్పడానికి అందరూ గౌరవించే ఇద్దరు బయటి పెద్దల పేర్లు ముందే అనుకోండి.

ప్రపోజల్ రాయడం, మాట్లాడడం

ఇప్పుడు రాయండి. మొదటి ఏడాది ఎక్కువ పని చూపించొద్దు. అకౌంట్లు ఒకే పద్ధతిలోకి తేవడం, ఖాళీలు నింపడం, బస్తీ కమిటీలకు లెక్కలు చదవడం నేర్పడం, వీటికే సరిపోతుంది. రెండు, మూడేళ్లు ఉమ్మడి పని ఊపందుకోవాలి. నాలుగో ఏడాది నుంచి ఇతర ఆదాయం పెరగాలి.

ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్న అంకె ఒక్కటే ఇస్తే దాత దాన్నే కొలుస్తాడు. సంస్థ బలాన్ని చూపించే అంకెలు మీరే ముందుకు తెండి: బ్యాంకులో ఎన్ని నెలల జీతాలకు డబ్బుంది, మొత్తం ఆదాయంలో అతి పెద్ద దాత వాటా ఎంత, వ్యవస్థాపకులు రెండు నెలలు ఊళ్లో లేకపోయినా పని నడిపించగలిగేవాళ్లు ఎంతమంది, అనుభవమున్న కార్యకర్తల్లో ఎంతమంది మూడేళ్ల తర్వాతా ఉన్నారు. ఇవి నాలుగు చాలు.

మాట్లాడేటప్పుడు మీరూ అడగండి. "మేడమ్, మూడో ఏడాది మీ ప్రాధాన్యాలు మారితే మాకు ఎన్ని నెలల ముందు చెబుతారు?" "వరదొస్తే బడ్జెట్‌లో ఎంతవరకు మీ అనుమతి కోసం ఆగకుండా మళ్లించుకోవచ్చు?" "నిధిలో నలుగురు దాతలున్నారు కదా సార్, నలుగురికీ ఒకే రిపోర్టు సరిపోతుందా?" ఈ మూడోది చాలా ముఖ్యం, లేకపోతే ఉమ్మడి నిధి అంటూనే నాలుగు ఫార్మాట్లలో నాలుగు రిపోర్టులు రాయిస్తారు. క్షేత్రం నుంచి వచ్చే వివరం తెలుగులో, వీలైతే వాయిస్ రికార్డింగుగా తీసుకుంటారా అనీ అడగండి. బస్తీ కార్యకర్త మూడు నిమిషాల్లో చెప్పే సంగతి ఇంగ్లిష్ ఎక్సెల్ షీట్‌లో సగం ఆవిరైపోతుంది.

దాత ఐదేళ్లకు ఒప్పుకోకపోతే మూడేళ్లు, ఆ తర్వాత సమీక్ష మీద రెండేళ్లు అని అడగండి. ఏడాదికి మించి ఇవ్వలేం అంటే ఉమ్మడి ప్రపోజల్ పెట్టకండి, విడివిడిగా మామూలు ప్రాజెక్టులే తీసుకోండి. ఇంత కష్టపడి నాలుగు సంస్థల్ని ముడివేసి పన్నెండు నెలలకే వదిలేస్తే ఆ నమ్మకం మళ్లీ రాదు.

డబ్బు వచ్చాక

మూడు నెలలకోసారి నలుగురి ఖర్చుల పట్టికలూ ఒకే బల్ల మీద పెట్టి చూడండి. ఒకరి ఖర్చు వెనకబడితే కారణం అడిగి అవసరమైతే సర్దుబాటు చేయండి, యూటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో దాతకిచ్చే ధ్రువపత్రం) టైముకి హడావిడి తగ్గుతుంది. అదే పట్టిక నుంచి నాలుగు లైన్లు తెలుగులో రాసి బస్తీ కేంద్రం తలుపు మీద అంటించండి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, దేనికి, ఎంత మిగిలింది.

చివరి ఏడాది గురించి మూడో ఏడాదిలోనే కూర్చోండి. ఏ ఖర్చు ఆగినా పని ఆగదు, ఏది ఆగితే పనే ఆగిపోతుంది అని రెండు వరసలుగా రాయండి. రెండో వరసలో ఉన్నవాటికే కొత్త దాతల్ని, స్థానిక విరాళాల్ని వెతకాలి. బెజవాడ, గుంటూరు వ్యాపారులు, డాక్టర్లు, అమెరికాలో ఉన్న మన పిల్లల తల్లిదండ్రులు గుళ్లకూ అన్నదానాలకూ ఇస్తున్నారు, అడిగితే జీతానికీ ఇస్తారు, 80జీ రసీదు చేతిలో పెట్టి ఫలానా అక్క జీతానికి ఆరు నెలలు అని స్పష్టంగా అడగాలి. పిల్లల దగ్గర నుంచి డాలర్లలో తెప్పిస్తామంటే మాత్రం ఆగి, పిల్లల పౌరసత్వం ఏమిటో అడగండి. విదేశీ పౌరులైతే భారత మూలాలున్నా అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్ఏ లేకుండా తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది ఉండదు, పాస్‌పోర్టు కాపీ మాత్రం ఫైల్లో పెట్టుకోండి.